కాంటా గదిలో ప్రార్థన

ఆరాంఘర్ దాటి బెంగుళూరు రహదారి మీదుగా శంషాబాదు వైపు పోవు ప్రయాణికునకు గగన్‌పహాడ్ ఒక ఊరుగా కనబడదు. కార్ఖానాల ప్రహరీగోడలుగాను, వాని యెదుట వరుసగా నిలిచిన లారీలుగాను, 2008వ సంవత్సరమున విమానాశ్రయము తెరచినది మొదలు నెత్తిమీదుగా చక్రములు దించుకొని పోవు విమానముల హోరుగాను మాత్రమే తెలియవచ్చును. ఆ ప్రహరీల వెనుక సందులలో సంసారములున్నవి, బడి యున్నది, గుడియు మసీదును ఉన్నవి. రేకుల కప్పు క్రింద ఆదివారమునాడు కొలదిమంది చాపలమీద కూర్చుండి పాడుకొను క్రైస్తవ మందిర మొకటియు నున్నది. ఆ మందిరపు కాపరికిని, ఆ వీధియందే కాపురముండి, బడిపంతులు పని చేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక నాస్తికునకును చిరకాలపు స్నేహము, అంతకంటె చిరకాలపు వాదము. వారి పేర్లు ఇచ్చట అనవసరము. వినుచు కూర్చున్న మూడవవాడను నేను. నాకు వాదము చేతకాదు గాని, ఎవరి మాట ఎచ్చట బరువుగా పడినదో గుర్తుపెట్టుకొనుట చేతనగును.

ఆ సాయంకాలపు వాదమునకు నిమిత్తమైనవాడు ఒక కాంటా గుమాస్తా. ఇనుప తుక్కు కరగించు కార్ఖానా ఒకదానికి కాటేదాను నుండియు, ఇంక నెచ్చట నుండియో లారీలు వచ్చును. లారీ సరుకుతో కాంటా పళ్లెము మీది కెక్కును, గదిలోని పెట్టెమీద అంకె వెలుగును. సరుకు దింపి ఖాళీగా మరల నెక్కును, రెండవ అంకె వెలుగును. మొదటి అంకెలో నుండి రెండవది తీసివేయగా మిగిలినదే తుక్కు తూకము, దానికే డబ్బు. ఖాళీబండి నిలిచినపుడు వెనుక చక్రము పళ్లెపు అంచు దాటి జానెడు వెలుపల నేలకు ఆనినచో బండి బరువు తక్కువగా చూపును. ఎంత తక్కువగా చూపునో తుక్కు బరువు అంత పెరుగును. ఈ మోసమునందు గుమాస్తా తన చేతితో చేయవలసిన పని ఏదియు లేదు. కిటికీ వైపు తల ఎత్తకున్న చాలును. తల ఎత్తని దినమున రశీదు పుస్తకము క్రింద ఒక మడత నోటు ఉండును. అతడు ఆ మందిరపు సభ్యుడు. ఒక శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో లేచి నిలిచి, తన సంగతి తానే అందరి యెదుట చెప్పుకొని, తన కొరకు ప్రార్థింపుడని యేడ్చెను. మందిరపు గోడలు పలుచనివి గనుక వీధి యంతయు విన్నది.

పంతులు: అయ్యగారూ, వాడు నాయొద్ద చదువుకొన్న పిల్లవాడు; తీసివేతలు నేర్పినది నేనే. దొంగతూకము తప్పని వానికి తెలియదా? తెలియును. పట్టుబడినచో ఉద్యోగము పోవునని తెలియదా? అదియు తెలియును. ఇంత తెలిసినవాడు చేయవలసినది తల ఎత్తి కిటికీలో నుండి చూచుట, అంతియే కదా! దానికి ఉపవాసములును, కన్నీళ్లును, మోకరింపులును ఏల? 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించి, పిదప దానిని బెజవాడ పటమటకు మార్చిన గోరాగారు గాంధీగారి యంతటి వాని యెదుట కూర్చుండి వాదించినది ఇదియే: దేవుని మీద భారము వేయు అలవాటు పడినవాడు తన చేతలకు తానే జవాబుదారి యను తెలివిని పోగొట్టుకొనును. కిటికీ ఉన్నది, కన్నులున్నవి, మెడ యున్నది. మీరు వానికి మోకాళ్లు చూపుచున్నారు.

కాపరి: భారము వేసి చేతులు దులుపుకొనువారు మాలో లేరని నేననను. ఆదివారము చేతులు జోడించి సోమవారము చేతులు చాపువారిని మీకంటె నేను దగ్గరగా ఎరుగుదును. ఐనను తెలివి యుండిన చాలునను మీ మాట నా అనుభవమునకు పొసగదు. తప్పని తెలియక తప్పు చేసితినని చెప్పుకొనుటకు నాయొద్దకు ఇంతవరకు ఎవడును రాలేదు. అందరును తెలిసి చేసినవారే. మా ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన చిన్నది, మీరును వినియుందురు. అందులో ఆనాటి ఆహారము నడుగుట కలదు, క్షమాపణ నడుగుట కలదు. శోధనను జయించుటకు బలము నిమ్మని అడుగుట మాత్రము లేదు. తమ్మును శోధనలోనికే తీసికొని పోవలదను వేడుకోలు మాత్రమే యున్నది. వీరుడైనవాడు యుద్ధము రమ్మనును. ఈ ప్రార్థన చేయువాడు తాను వీరుడు కాడని మొదటనే ఒప్పుకొని, యుద్ధమే వద్దని బ్రతిమాలుకొనుచున్నాడు.

పంతులు: దానిని లోకమున పిరికితనమందురు.

కాపరి: అట్లే యనుకొనుడు. ధైర్యవంతుని కథయు మా గ్రంథమున నున్నది. ఎల్లరు విడిచిపోయినను తాను గురువును విడువనని శిష్యుడైన పేతురు అందరి యెదుట పలికెను. ఆ రాత్రియే గెత్సెమనే తోటలో, మెలకువగా నుండి ప్రార్థింపుమని చెప్పిన గురువు కొంత దూరమున చెమటోడ్చుచుండగా, పడి నిద్రించెను. తెల్లవారి కోడి కూయకమునుపే, చలిమంట యొద్ద ఒక పనికత్తె అడిగిన ప్రశ్నకు బెదరి, ఆయనను ఎరుగనే ఎరుగననెను. మాటలో సింహము, నిద్రలో బాలుడు, మంటయొద్ద కుందేలు. మన గుమాస్తాయును అట్టివాడే. ప్రతి క్రొత్త సంవత్సరపు ఆరాధనలో ఇక ముట్టనని ఒట్టు పెట్టుకొనుచు వచ్చెనట. ఒట్టు పెట్టుకొనువానికి తనమీద నమ్మక మెక్కువ. ప్రార్థించువానికి తనమీద అనుమాన మెక్కువ. కాంటా గదిలో నాకు పనికివచ్చునది రెండవవాడే.

(ఇచ్చట పంతులుగారు కొంతసేపు ఊరకుండిరి. ఒట్ల విషయమున ఆయనకు స్వానుభవము కొంత కలదని నా యూహ; పొగచుట్ట మానితినని ఆయన చెప్పగా విననివారు మా వీధిలో లేరు.)

పంతులు: సరే, అనుమానము మంచిదే. కాని ప్రార్థన వలన ఆ అనుమానము పుట్టునని మీరు చెప్పుట నేను నమ్మను. మన ఊరి సంగతియే చూడుడు. ఈ గగన్‌పహాడ్‌లో అప్పచెరువని ఒకటి యుండెను, ఇప్పుడును కొంత యున్నది. దాని గర్భమున గోడలు లేచినవి, షెడ్లు లేచినవి. 2020 అక్టోబరు వానలకు కట్ట తెగి, నీరు జాతీయ రహదారి మీద పడి, బండ్లను మనుష్యులను ఈడ్చుకొని పోయినది. 2024లో ఆక్రమణలు తొలగించు సర్కారు సంస్థ హైడ్రావారు యంత్రములు తెచ్చి ఆ చెరువులోని కట్టడములు కూల్చిరి. చెరువు నేలమీద ఆశపడినవారెవరు? నావంటి నాస్తికులా? వారిలో ప్రార్థన చేయనివాడు ఒక్కడుండునా? గుడికి పోవువాడు గుడిలోను, మసీదునకు పోవువాడు మసీదులోను, మీయొద్దకు వచ్చువాడు మీయొద్దను ప్రార్థించియే వచ్చి పునాది త్రవ్వినాడు. విమానాశ్రయము వచ్చిన తరువాత ఈ ప్రాంతమున భూమి ధరతోపాటు ప్రార్థనయు పెరిగినది, ఆశ తగ్గలేదు.

కాపరి: మీరు చెప్పినదానిలో ఒక్క అక్షరము నేను కాదనను. కాని వారు ఏమి ప్రార్థించిరో అడుగరేమి? చెరువు పూడ్చినవాడు శోధన తప్పింపుమని ప్రార్థింపలేదు. ప్లాటు దక్కింపుమని ప్రార్థించెను. మా మందిరములోను నూటికి తొంబది ప్రార్థనలు అట్టివే: వీసా రావలెను, సంబంధము కుదురవలెను, కేసు గెలువవలెను, బోరులో నీరు పడవలెను. వానిని నేను ఎగతాళి చేయను. పేదవాడు అడుగక ఏమి చేయును? ఐనను ఫలానిది నాకిమ్మను ప్రార్థన వేరు, ఫలానిదాని నుండి నన్ను కాపాడుమను ప్రార్థన వేరు. మొదటిది గొంతెత్తి చేయవచ్చును. రెండవది చేయుటకు ముందు ఆ వస్తువు తనకు కావలెనని ఒప్పుకొనవలెను. అందుచేతనే అది కరువు.

పంతులు: ఇంకొకటి. మీ కూటములలో మైకు ముందు సాక్ష్యములు వినుచుందును. వినక తప్పునా, మా ఇంటి గోడ మీ గోడయే. పదేండ్లు తాగితిని, ప్రార్థించితిని, మానితిని. పేకాడితిని, ప్రార్థించితిని, మానితిని. మంచిదే. కాని ప్రార్థించియు మానలేకపోయినవాడు మైకు ముందు ఎందుకు నిలువడు? గెలిచినవారినే లెక్కించి, ఓడినవారిని చాపమీద కూర్చుండబెట్టి, అందరును గెలిచిరని చాటుట లెక్కలు చెప్పుకొని బ్రతికిన నాకు నచ్చదు. సర్కారు బడిలో నేను ఉత్తీర్ణులైన పిల్లల జాబితా మాత్రమే పంపియుండినచో నా ఉద్యోగము నాడే ఊడియుండును.

కాపరి: ఈ మాట నాకు తగిలినది. తగులవలసినదే. మా సంఘములలో సాక్ష్యమనగా విజయ ప్రకటనమే యను అలవాటు బలపడినది. టీవీలో చెప్పువారు దానిని మరింత బలపరచిరి. పడినవాడు పడితినని చెప్పినచో అతని విశ్వాసము చాలలేదని గుసగుసలు పోవుదురు. కావున అతడు చెప్పడు. చెప్పనందున మరల పడును. ఐనను మా మూలము అట్టిది కాదు. పేతురు బొంకిన సంగతి నాలుగు సువార్తలలోను వ్రాయబడినది. ఆ పేతురు సంఘమునకు పెద్దగా ఎన్నబడినవాడు. పెద్దవాని పతనమును దాచక వ్రాసి చదివించుకొన్న సంఘము, చిన్నవాని పతనమును వినుటకు సిగ్గుపడుట న్యాయము కాదు. మన గుమాస్తా లేచి చెప్పినది విజయము కాదు గదా! మూడేండ్లుగా ఓడిపోవుచున్నానని చెప్పెను. మా మందిరమున నేను వినిన సాక్ష్యములలో అదియే మొదటి నిజమైన సాక్ష్యమని నాకు తోచినది.

పంతులు: మీరు ఒప్పుకొనుచు పోవుచుండగా నాకు వాదమే మిగులదు. కాని చరిత్ర ఎత్తినచో మిగులును. రాళ్లను రొట్టెలు చేయుమను శోధన మీ క్రీస్తునకు మొదట వచ్చినదందురు, ఆయన కాదనెను. తెలుగుదేశమున మీ మతము వ్యాపించినది కరవు కాలమున గదా! ధాత కరవులో పెట్టిన గంజి వెనుక బాప్తిస్మము నడువలేదా? రొట్టె ముందు మీవారు నిలువగలిగిరా?

కాపరి: ఈ ప్రశ్న వచ్చునని ఎదురుచూచుచునే యున్నాను. ఒంగోలున అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అనువాడుండెను. మిషనరీ కాకమునుపు భూమి కొలుచు సర్వేయరు. 1876 నుండి 1878 వరకు కరవు కాల్చుచుండగా ఆయన గంజితొట్టి పెట్టి ఊరకుండక, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకమును కాంట్రాక్టుకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలి పని చూపెను. ఆ వేలాదిమందిలో బాప్తిస్మమిమ్మని అడిగినవారు అసంఖ్యాకులు. మిషనరీకి అంతకంటె తియ్యని శోధన వేరే యుండునా? విదేశమున చందాలిచ్చువారికి వ్రాయుటకు అంకెలు కావలెను. అంకెలు తామే నడచి వచ్చుచున్నవి. ఆయన ఏడాదికి పైగా ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. కూలిపని ముగిసి, అన్నమునకును మతమునకును ముడి తెగిన పిమ్మటనే ద్వారము తెరచెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

పంతులు: అంకె బాగున్నది. కాని ఆయనను కాపాడినది ప్రార్థనయా, నియమమా? అన్నము పెట్టునంతకాలము బాప్తిస్మము లేదను నియమము ఏ నాస్తికుడైనను చేయగలిగినదే. సర్వేయరు బుద్ధి యది, భక్తుని బుద్ధి కాదు.

కాపరి: ఆ రెండును ఒక్క తలలో నుండరాదని ఎవరు చెప్పిరి? ఆకలి ముఖములు వాకిట నిలిచినపుడు ఆయన తన మనస్సును నమ్ముకొనలేదు. అందుచేత నియమమును ముందుగా కట్టుకొనెను. కట్ట తెగిన పిదప తట్టతో మట్టి పోయుట కాదు గదా చెరువు కాపుదల! శోధన వేళ ప్రార్థన దాదాపు ఆలస్యమే. ఉదయమున, మనస్సు ఇంకను తనదిగా నున్నపుడు, సాయంకాలము తాను ఎచ్చట జారునో తానే చూచుకొని, ఆ చోటికి కాలు పోకుండునట్లు వేడుకొని, వేడుకొన్న దానికి తగిన ఏర్పాటు చేసికొనుట. నేను ప్రార్థన అనునది ఇది.

పంతులు: అట్లయిన మీపక్షమున నాకు దొరికిన సాక్ష్యమొకటి దాచుట అన్యాయము. 2014లో ఫ్రీజె, వెంకె అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము ప్రకటించిరి. కొందరిని అయిదు నిమిషములు ప్రార్థింపుమనిరి, మరికొందరిని తమకు తోచినది ఆలోచింపుమనిరి. పిదప నవ్వు పుట్టించు దృశ్యములు చూపి, నవ్వు ముఖమున కనబడనీయవలదని కట్టడి చేసిరి. ఆ మీదట ఒక రంగు పేరును వేరొక రంగుతో వ్రాసి చూపి, పేరు చదువక రంగు చెప్పుమనిరి. నవ్వు నాపుకొని అలసిన మనస్సు ఈ రెండవ పనిలో తడబడును. ప్రార్థించినవారు తడబడలేదట.

కాపరి: ఇక నేమి! మీరే మాకు కాపరి కావలెను.

పంతులు: తొందరపడకుడు. నిగ్రహశక్తి వాడినకొలది తరుగునను సిద్ధాంతము మీద ఆ ప్రయోగము నిలిచియున్నది. 2016లో ఇరువదికి పైగా ప్రయోగశాలలు చేరి, రెండువేలకు పైగా మనుష్యులతో ఆ మూల సిద్ధాంతమునే మరల పరీక్షింపగా ఫలితము ఇంచుమించు శూన్యమని తేలినది. పునాది కదలిన ఇంటిలో మీ గది యొక్కటి పదిలముగా నుండునని నేను చెప్పలేను.

కాపరి: ఆ గది పోయినను నాకు అద్దె నష్టము లేదు. గడియారము చూచి అయిదు నిమిషములు, ఎవరో చెప్పి చేయించిన ప్రార్థన, నవ్వాపుకొన్న పిదప రంగు చెప్పుటకు ఉపయోగపడినను మానినను, కాంటా గదిలోని మనిషికి ఒరుగునది లేదు. వానికి పనికివచ్చు పరిశోధకుడు వేరొక డున్నాడు, పదునారువందల యేండ్ల నాటివాడు. ఎవాగ్రియసు అని పేరు. కాన్‌స్టాంటినోపులున పేరుప్రతిష్ఠలతో నుండగా ఒక పెద్దింటి వివాహిత మీద మనస్సు పడినది. ఆమెయు విముఖురాలు కాదు. ఆయన తన మనోబలమును పరీక్షించుకొనుచు ఆ నగరమున నిలువలేదు. ఓడ యెక్కి జెరూసలేము చేరెను, అచ్చట నుండి ఈజిప్టు ఎడారికి పోయి 399లో మరణించువరకు అచ్చటనే తపస్సు చేసెను. అచ్చటికి పోయినను తలంపులు వెంటవచ్చినవి. తిండి, కామము, ధనము, దుఃఖము, కోపము, విసుగు, కీర్తి, గర్వము అని వానిని ఎనిమిదిగా విడదీసి...

పంతులు: మన పెద్దలు ఆరింటితో సరిపెట్టిరి. ఎడారిలో ఆయనకు తీరిక ఎక్కువ.

కాపరి: కావచ్చును. ఒక్కొక్క తలంపు ఏ వేళ వచ్చును, ఏ వేషమున వచ్చును, దాని వెనుక ఏది వచ్చును అని దొంగను కాపు కాచినట్లు కాచి, ప్రతిదానికి ఎదురుగా విసరుటకు లేఖనములోని వాక్యములను వందల కొలదిగా ఏర్చి ఒక పుస్తకము చేసెను. ఎడారిలో క్రీస్తు మూడు శోధనలకును ధర్మశాస్త్ర వాక్యముతోనే బదులు చెప్పినాడు గదా, ఆ మార్గమే యిది. ధనాశ ఏ వేషమున వచ్చునని ఆయన కనిపెట్టెనో మీకు తెలియునా? దురాశగా రాదట, ముసలితనము, జబ్బు, ఒకరియొద్ద చేయి చాపవలసిన అవమానము, ఇవి ముందుగా చూపించునట. మన గుమాస్తా ఏమనెను? కూతురు కాలేజీ ఫీజు అనెను.

పంతులు: అది తలంపు వేషము కాదు, అయ్యగారూ. అది నిజముగా ఫీజు.

(ఈ ఒక్క మాట దగ్గర పంతులుగారి పక్షమే నాకు సబబుగా తోచినది. ధర్మోపదేశకులు దరిద్రుని అవసరమును శోధన జాబితాలో వ్రాసికొనునపుడు వారి కలము కొంచెము తడబడవలెను. కాపరిగారి కలము తడబడినదని చెప్పవలెను. ఆయన కొంత సేపటికి గాని బదులు చెప్పలేదు.)

కాపరి: ఔను, నిజముగా ఫీజే. అందుకే వానిని నేను తిట్టలేదు. వాడు నాయొద్దకు మొదట వచ్చినపుడు చేసిన ప్రార్థన చెప్పెద వినుడు. ప్రభువా, ఆ పాపపు సొమ్ము నాకు వద్దు, దానిని నేను అసహ్యించుకొనుచున్నాను అని మొదలుపెట్టెను. ఆపుమంటిని. అసహ్యించుకొన్నచో మూడేండ్లు ఎట్లు తీసికొంటివి? దేవుని యెదుట బొంకవలదు, ఉన్నది చెప్పుమంటిని. చాలసేపు మాట రాలేదు. కడపట, ఆ డబ్బు నాకు కావలెను, దినమెల్ల కావలెను, లారీ పళ్లెము ఎక్కకముందే దానిని లెక్కపెట్టుకొనుచుందును అని చెప్పెను. చెప్పిన తరువాత ముఖము మారినది. మా పూర్వభక్తుడైన అగస్టీను యౌవనమున తనకు నిగ్రహము నిమ్మని వేడుకొనుచునే, దేవుడు త్వరపడి ఇచ్చునేమో యని లోలోపల భయపడెనని తానే వ్రాసికొనెను. నవ్వు వచ్చును గాని అంతకంటె నిజాయితీ గల ప్రార్థన అరుదు. మనస్సునకు నచ్చని మాట చెప్పుటకు మనిషికి ఒక చోటు కావలెను. మేము ఆ చోటిని దేవుని సన్నిధి యందుము. 1938లో బైబిలు మిషను నెలకొల్పిన ముంగమూరి దేవదాసయ్యగారు, ప్రార్థనలో మన మాటలు చాలించి ఆ సన్నిధిని కనిపెట్టుకొని యుండుమని నేర్పిరి. మా మైకుల వారు ఆ పాఠము మరచిరి.

పంతులు: ఆ చోటు దేవుడే కానక్కరలేదు. 1935లో అమెరికాలో అక్రను పట్టణమున ఇద్దరు తాగుబోతులు కలిసికొని ప్రారంభించిన సంఘమున మొదటి మెట్టు, మద్యము ముందు తాము అశక్తులమని ఒప్పుకొనుటయే. దేవుడను మాట వారి మెట్లలో ఉన్నను ఎవని కెట్లు తోచిన అట్లే అనుకొమ్మనిరి. నావంటివాడును పోయి కూర్చుండవచ్చును. కావున పనిచేయునది ఒప్పుకోలును, పదిమంది తోడును. ఇంకొక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు సారా దుకాణమును మూయించిరే, మోకరించియా? గుమికూడి పోయి ఎదుట నిలిచి మూయించిరి. ఆ నిప్పు జిల్లాలు దాటి, 1995లో రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చువరకు పోయినది. శోధనను ఓర్చుకొనుట వేరు, శోధన అంగడిని ఎత్తివేయించుట వేరు.

కాపరి: రెండేండ్లకే ఆ అంగడి మరల తెరచిరి, పంతులుగారూ. 1997లో నిషేధము సడలినది. అంగడి మూసియున్న దినములలో మానినవాడెవడో, అంగడి తెరచిన తరువాతను మానినవాడెవడో ఆ ఇండ్ల ఆడవారినే అడుగవలెను. ఐనను మీ మాట నా మాటకు విరోధము కాదు. శోధనలోనికి తేవలదని నేను ఉదయమున వేడుకొని, వీధి చివర దుకాణమునకు లైసెన్సు వచ్చుచుండగా ఊరకుండినచో, నా ప్రార్థనను నేనే అబద్ధము చేసినవాడనగుదును.

పంతులు: అట్లయిన ఆ గుమాస్తాతో ప్రార్థించిన తరువాత ఏమి చేసితిరి? నిజము చెప్పుడు.

కాపరి: ఖాళీబండి ఎక్కునపుడు గదిలో కూర్చుండవలదని చెప్పితిని. లేచి వెలుపలికి వచ్చి, పళ్లెము చుట్టును నడచి, నాలుగు వైపుల చక్రములు చూచి, ఆ మీదట లోపలికి పోయి అంకె వ్రాసికొనుమంటిని. పళ్లెము చుట్టును నడచునంతసేపు తనకు వచ్చిన కీర్తన ఏదైనను లోలోపల చెప్పుకొనుమంటిని. డ్రైవర్లకు ముందుగానే, ఇక నావద్ద ఆ లెక్క లేదని నోరు విప్పి చెప్పుమంటిని.

పంతులు: ఇది నా పద్ధతి! నడక నాది, చక్రములు నావి, నోరు విప్పుట నాది; కీర్తన యొక్కటి మీరు కలిపితిరి. కీర్తన తీసివేసినను అంకె మారదు.

కాపరి: మారదేమో. కాని ఈ నడక మూడేండ్లుగా వానికి అందుబాటులోనే యున్నది. గది నుండి పళ్లెమునకు పది అడుగులు లేవు. చూడవలెనని వానికి తెలియును, చూచుట ఎట్లో తెలియును. కావలెనని ఒప్పుకొన్న దినము వరకు కాలు లేవలేదు. మీరు వానికి గురువులు, ఒకే వీధి. ఈ మూడేండ్లలో మీకు చెప్పెనా?

పంతులు: చెప్పలేదు. చెప్పినచో చీవాట్లు పెట్టియుందును గనుక చెప్పలేదు. అది నా స్వభావపు లోపము. దానిని దేవుడున్నాడనుటకు రుజువుగా తీసికొనకుడు.

కాపరి: తీసికొనను. ఇంకొకటి మీకు తెలియదు. పోయిన వారమున వాడు మరల పడినాడు. వాన పడుచున్నది, లేచి వెలుపలికి పోలేదు, తల ఎత్తలేదు.

పంతులు: చూచితిరా! నడక, కీర్తన, ఉపవాసము, అన్నియు అయిన తరువాత వాన యొక్కటి చాలినది. ఇక ప్రార్థన పనిచేసినదని ఎట్లు చెప్పుదురు?

కాపరి: పనిచేసినదని చెప్పుటకు కాదు, జరిగినది చెప్పుచున్నాను. మరునాటి ఉదయము ఆ నోటు పట్టుకొని వచ్చి నా బల్లమీద పెట్టెను. మునుపు మూడేండ్లు పట్టినది; ఈసారి ఒక్క రాత్రి పట్టినది. ఆ రాత్రియు ఎందుకు పట్టవలెనని మీరడిగినచో నాయొద్ద జవాబు లేదు.

పంతులు: ఆ నోటు ఏమి చేసితిరి?

కాపరి: కానుకల పెట్టెలో వేయవలదంటిని. యజమానునకు తిరిగి ఇయ్యవలెను. ఇచ్చుటకు వాడు భయపడుచున్నాడు, ఇచ్చినచో ఉద్యోగము పోవునని.

పంతులు: (లేచి, చెప్పులు తొడుగుకొనుచు) ఆ యజమానుని కొడుకులును నాయొద్ద చదివినవారే. నేను పోయి చెప్పెదను. కాంటాకు ఒక్క మనిషిని పెట్టి, చాలీచాలని జీతమిచ్చి, వాని కూతురు ఫీజు వేళ లారీవాని నోటు ముందు వానిని ఒంటరిగా నిలుపుట మీ తప్పని చెప్పెదను. ఇద్దరిని పెట్టుమనెదను, జీతము పెంచుమనెదను, పళ్లెమునకు అంచున ఇనుప అడ్డు కట్టుమనెదను. మీరు ఈలోగా మోకరించుచుండుడు.

కాపరి: మోకరించుట తెల్లవారుజామునే అయినది. నేనును వచ్చెదను.

పంతులు: రండు. కాని ఒక్క షరతు. జీతము పెరిగినచో, ప్రార్థన వలన పెరిగినదని వచ్చు ఆదివారము మీ మైకులో సాక్ష్యము చెప్పింపరాదు.

కాపరి: పెరుగనీయుడు, పంతులుగారూ! పెరిగిన దినమున ఆ మైకు మీకే ఇచ్చెదను.